వేరు పట్టిందో లేదో

ఫిబ్రవరి 19

ఇది ప్రెస్సులో మిగిలిపోయిన డమ్మీ పుస్తకం. అచ్చుకి ముందు పుస్తకం వీపు ఎంత మందం వస్తుందో చూసుకోవడానికి తెల్ల కాగితాలు కుట్టి, అట్ట వేసి ఒకటి తయారుచేస్తారు. దీని అట్ట మీద "పారిశ్రామిక గణితం, రెండవ భాగం" అని ఉంది. లోపల అన్నీ ఖాళీ పేజీలే. కాబట్టి మా ఇంట్లో దీన్ని ఎవరూ ముట్టుకోరు.

ఇరవైనాలుగేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నాను. ఇతరులు రాసినవాటిలో తప్పులు పట్టడమే కానీ నాకంటూ నాలుగు ముక్కలు రాసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు. ఇప్పుడూ అనిపించడం లేదు. చేతులు ఊరికే ఉండటం లేదు, అంతే.

మా అమ్మాయి వెళ్ళి ఇవాళ్టికి ఇరవైరెండు రోజులు. ఎక్కడికో కాదు, పెరటికి అటువైపు వాళ్ళ పిన్ని ఇంటికి. మా వంటగది కిటికీకీ, వాళ్ళ వెనక గదికీ మధ్య పదహారు అడుగులు. ఆ గదిలో నా తోడికోడలు మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. మిషను పక్కనే ఇప్పుడు మంచం వేశారు. ఇరవైయొక్కేళ్ళ పిల్ల సొంత గది వదిలిపెట్టి గుడ్డపీలికల మధ్య పడుకుంటోంది. ఎదురుపడితే తల తిప్పుకోదు, అదొక్కటే నయం. నన్ను దాటి నా వెనక గోడను చూస్తుంది.

కారణం దాని నోటుబుక్కు. దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. టేబుల్ మీద తెరిచి ఉంది, నా కంటపడింది.

ఫిబ్రవరి 20

ఏమీ లేదు.

ఫిబ్రవరి 23

ఆయన డ్యూటీ నుంచి వచ్చారు. గూడ్సు బండి గార్డుకి ఇల్లంటే మధ్యలో వచ్చే స్టేషను. ఈసారి మూడు రోజులు ఆగుతారు. వచ్చిన దగ్గర్నుంచీ నన్నే చూస్తున్నారు. నేను కాలుగాలిన పిల్లిలా వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వంటింట్లోకి తిరుగుతున్నాను.

"కాసేపు కూర్చోవే. నిన్ను చూస్తుంటే ఒక బండి దిగి ఇంకో బండెక్కినట్టుంది."

"ఆ చెట్టు కింద నేల చూశారా? గడ్డిపోచ కూడా లేదు. వానొస్తే బురదంతా కాళ్ళతో ఇంట్లోకి వస్తోంది. అక్కడ ఏదైనా వెయ్యాలి."

"ఆ బురద పన్నెండేళ్ళ నుంచీ ఉంది."

"అందుకే ఇప్పుడైనా వెయ్యాలంటున్నా."

"అక్కడ కూర్చుంటే వాళ్ళ కిటికీ కనిపిస్తుందనా?"

కిటికీ ఎటు ఉంటే నాకేంటి? నేల సంగతి మాట్లాడితే కిటికీ సంగతి ఎత్తుతారు. ఆయనతో వచ్చిన చిక్కే అది.

ఫిబ్రవరి 26

మొక్కలాయన దగ్గరికి వెళ్ళాను. పెద్ద వయసు, పెద్ద కళ్ళద్దాలు, గోళ్ళ నిండా మట్టి.

"ఎండ ఎంతసేపు పడుతుందమ్మా?"

"పడదు."

"పొద్దున పూట?"

"పడదన్నాను కదండీ."

"అలా కాదమ్మా. చెట్టు నీడ వేరు, గోడ నీడ వేరు. చెట్టు నీడ కదులుతుంది. ఆకుల్లోంచి ఇంత వెలుగు దిగుతుంది. గోడ నీడ కదలదు. దేనికి తట్టుకునే మొక్క దానికి ఉంటుంది."

మాది చెట్టు నీడే అని చెప్పాను. ఆయన లోపలికి వెళ్ళి ఒక కుండీ తెచ్చాడు. దాని అసలు పేరు చెప్పాడు కానీ నాకు నోరు తిరగలేదు. అందరూ అడవి అల్లం అంటారట. తమలపాకు లాంటి ఆకు, కాకపోతే ఇంకా గుండ్రం. కొస తుంచి నలిపి నా ముక్కు దగ్గర పెట్టాడు. నిజంగానే అల్లం వాసన.

"పేరే అల్లం. వంటలో వేసేది మాత్రం కాదు. అడవుల్లో పెద్ద చెట్ల కింద నేలంతా పరుచుకుంటుంది. పైకి పెరగదు, పక్కకి పాకుతుంది. ఎండిన ఆకులు దాని మీద పడినా ఊడ్చకండి, అదే దాని తిండి."

"ఎన్నాళ్ళకి నేలంతా కమ్ముతుంది?"

"మొదటి ఏడు ఏమీ జరగనట్టే ఉంటుంది."

"ఏడాదా? దగ్గరదగ్గరగా వేస్తే?"

"అయినా అంతే."

"ఎరువు వేస్తే?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మీకు తొందరెక్కువా అమ్మా?" అని అడిగాడు. లేదన్నాను. పద్దెనిమిది కుండీలు తీసుకున్నాను.

మార్చి 1

నాటాను. చెట్టు వేళ్ళు అడ్డం పడి గడ్డపార దిగలేదు, చేత్తోనే వేళ్ళ సందుల్లో మట్టి గుల్ల చేశాను. కుళ్ళిన ఆకులు రెండు బస్తాలు కలిపాను. దుంప లోతుగా వెయ్యకూడదట, మట్టి కప్పీ కప్పనట్టు ఉండాలట. దారం కట్టి, ప్రెస్సు స్కేలుతో కొలిచి, అడుగు అడుగు దూరంలో వేశాను. ఒక చెక్కముక్క మీద తెల్లరంగుతో "అడవి అల్లం" అని రాసి గుచ్చాను. అక్షరాలు బాగా కుదిరాయి.

అత్తయ్య పీట తెచ్చుకుని కూర్చున్నారు. ఆవిడ మంచం వాళ్ళింట్లో, పొద్దుటి టీ మా ఇంట్లో, మధ్యాహ్నం ఎవరింట్లో వాసన బాగుంటే అక్కడ. ఎవరింటి కబురు వాళ్ళకి చెప్పనని ఒట్టేసుకున్నారు. ఆ ఒట్టు ఏ పూటా నిలబడలేదు.

"ఏమిటే ఈ కొలతలు? అచ్చుకి పంపిస్తావా?"

"వరస తప్పకూడదు కదా అత్తయ్యా."

"నువ్వడగలేదు కాబట్టి చెబుతున్నా. పిల్లకి కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం పర్మనెంటు చేశారట. రెండు రోజులైంది. నిన్న స్వీటు తెచ్చింది."

చేతిలో మొక్క చేతిలోనే ఉండిపోయింది. ఆ షాపులో అది ఏడాదిన్నరగా ట్రైనీ. చివరి ఆరు నెలలూ ఈ కబురు కోసమే కదా నేను రోజూ సాయంత్రం అడిగాను. ఇవాళ ఏమన్నారు, మేనేజరుతో మాట్లాడావా, నువ్వే గట్టిగా అడగాలి. రోజూ అడిగాను. తీరా అయ్యాక నాకు స్వీటు కూడా లేదు. అయినా పద్దెనిమిదో మొక్కని కూడా స్కేలు పెట్టే నాటాను.

మార్చి 4

ఒకటి వాడినట్టుంది. పైకి తీసి చూశాను. వేరు పట్టలేదు. మళ్ళీ పెట్టేశాను.

మార్చి 5

ఇవాళ మూడు తీసి చూశాను. పట్టలేదు.

మార్చి 7

ఆరు. ఏదీ పట్టలేదు. రోజూ నీళ్ళు పోస్తున్నాను, ఆకులు కప్పుతున్నాను, ఇంకేం చెయ్యాలి? తీసి చూడకపోతే పట్టిందో లేదో ఎలా తెలుస్తుంది?

వెనక గదిలో దీపం సాయంత్రం ఆరున్నరకి వెలుగుతోంది. షాపు నుంచి వచ్చే టైము మారినట్టుంది. ఇది ఊరికే గమనించాను.

మార్చి 10

ఇవాళ వెళ్ళి అడిగేశాను. పిల్ల షాపుకి వెళ్ళాకే వెళ్ళాను. తోడికోడలు నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒక కోటు చేతులకి కొలత పెడుతోంది.

"నలభైయొక్క రోజులైంది. ఇంక చాలు. సాయంత్రం దాన్ని పంపించెయ్యి," అన్నాను.

ఆవిడ సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది.

"నేను కట్టేసి ఉంచానా అక్కా? అదే వచ్చింది, అదే వెళుతుంది."

"నువ్వు పొమ్మంటే పోతుంది."

"నేను పొమ్మనను."

"ఎందుకనవు? నా పిల్ల."

"అక్కా, నీకు కోపమొస్తే రానీ. అది ఇక్కడికొచ్చిన మొదటి వారం తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేది. ఏం రాస్తున్నా చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఇప్పుడిప్పుడే చెయ్యి తీస్తోంది. నీ నీడలో ఏదీ పెరగదక్కా. నువ్వు పెరగనివ్వవు."

నేను ఏమన్నానో రాయడానికి సిగ్గేస్తోంది. "నా నీడలో పద్దెనిమిది మొక్కలున్నాయి, వచ్చి లెక్కపెట్టుకో," అన్నాను. అనేసి వచ్చేశాను.

ప్రెస్సులో ముప్పై రెండు మంది రచయితలు నా చేత దిద్దించుకున్నారు. ఒక్కరూ ఈ మాట అనలేదు.

మార్చి 11

నోటుబుక్కు ఆ రోజు టేబుల్ మీద లేదు. సొరుగులో ఉంది. తాళం లేని సొరుగు. తాళం లేని సొరుగు తీయడం తప్పా?

ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి రాసేస్తాను. జనవరి 28. ఏడో తరగతి వాచకం ప్రూఫులు ఇంటికి తెచ్చుకున్నాను. ఎర్రపెన్ను చేతిలోనే ఉంది. చేతిలో పెన్ను ఉండగా దాని పుస్తకం తెరిచాను. చదువుతున్నాను. అంటే, చూస్తున్నాను. ఒకచోట ఇలా ఉంది:

"అమ్మకి నన్ను చూసినప్పుడల్లా తప్పులే కనిపిస్తాయి. నాకు కోపం లేదు. భాద."

నేను "భాద" కొట్టేసి మార్జిన్లో "బాధ" అని రాశాను.

ఒత్తు ఉండకూడనిదానికి పెట్టి, ఉండాల్సినదానికి వదిలేసింది. అందరూ చేసే తప్పే. ఇరవైనాలుగేళ్ళలో ఈ ఒక్క మాటని ఎన్ని వేలసార్లు దిద్దానో. ఆ వాక్యం నా గురించి అని బుర్రకి ఎక్కేలోపే చెయ్యి దిద్దేసింది. పేజీ తిప్పాను కూడా. తర్వాతి పేజీలో ఇంకో రెండు దిద్దాను. అప్పటికి కానీ నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు. పుస్తకం ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఎర్ర ఇంకు చెరగదు.

సాయంత్రం అది పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఈ మూడేనా అమ్మా, ఇంకా ఉన్నాయా?" అని అడిగింది.

నేనన్నది ఇది: "మరి తప్పు రాస్తే దిద్దొద్దా?"

అది గదిలోకి వెళ్ళి బట్టలు సర్దుకుంది.

మార్చి 15

ప్రెస్సు ఓనరు ఫోను చేశాడు. మూడో తరగతి వాచకంలో "మేక ఆకులు తింటుంది" అని ఉండాల్సింది "మేకు ఆకులు తింటుంది" అని అచ్చయి వెళ్ళిపోయిందట. కింద మేక బొమ్మ కూడా ఉంది. నేను చూసి సంతకం పెట్టిన ప్రూఫే.

"ఒంట్లో బాగుంటోందా అమ్మా?" అని అడిగాడు. నా తప్పుకి నా ఆరోగ్యం అడిగారంటే ఇంక నా పని అయిపోయినట్టే.

మార్చి 16

తొమ్మిది తీసి చూశాను.

మార్చి 22

ఏడు మొక్కలు చచ్చిపోయాయి. ఆకు పసుపు తిరిగి, మెత్తబడి, నేలకి అంటుకుపోయాయి. చచ్చినవాటిలో ఒకటి కాగితంలో చుట్టి మొక్కలాయన దగ్గరికి తీసుకెళ్ళాను. చెడ్డ మొక్కలిచ్చాడని గట్టిగా అడుగుదామనే వెళ్ళాను. ఆయన దుంపను తిప్పి తిప్పి చూశాడు.

"దీన్ని ఎన్నిసార్లు పీకారు?"

"ఒకసారి."

"అమ్మా."

"నాలుగైదుసార్లు. వేరు పట్టిందో లేదో చూద్దామని."

ఆయన విసుక్కోలేదు. దుంపని గోటితో గీకి చూపించాడు. "ఇదిగో, ఇక్కడ వచ్చింది. ఇక్కడ కూడా వచ్చింది. కొత్త వేరు దారంకన్నా సన్నగా ఉంటుందమ్మా, మట్టిలో ఉన్నంతసేపే ఉంటుంది. మీరు పైకి లాగారా, తెగి మట్టిలోనే ఉండిపోతుంది. మీ చేతికొచ్చేది ఉత్త దుంప. అది చూసి వేరు పట్టలేదనుకుంటారు. వేరు పడుతూనే ఉంది. మీరు చూసిన ప్రతిసారీ పోయింది."

నేను అక్కడున్న బల్ల మీద కూర్చుండిపోయాను. ఆయన మంచినీళ్ళు ఇచ్చాడు. మొక్క కోసం ఎవరైనా ఇంత ఏడుస్తారా అనుకుని ఉంటాడు. మొక్క కోసమే అని నేనూ చెప్పాను.

"మిగతా పదకొండిటినీ ఏం చెయ్యను?"

"ఏమీ చెయ్యకండి."

"ఏమీ అంటే?"

"నేల ఎండితే నీళ్ళు పొయ్యండి. అంతకు మించి ఏమీ వద్దు."

మార్చి 23

ఇవాళ చూడలేదు.

మార్చి 24

చూడలేదు. రెండుసార్లు పెరట్లోకి వెళ్ళి బట్టలు ఆరేసి వచ్చాను. రెండోసారి ఆరెయ్యడానికి బట్టలు లేవు.

మార్చి 26

ఆయన ఉన్నారు. "చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డావేంటే, బడిలో పనిష్మెంటు ఇచ్చినట్టు?" అన్నారు. పీకకుండా ఉండటానికి అన్నాను. ఆయన నవ్వలేదు. వచ్చి నా పక్కన ఆయన కూడా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. పెళ్ళయిన పాతికేళ్ళలో ఇంత పనికొచ్చే పని ఆయన చెయ్యడం ఇదే మొదలు.

మార్చి 30

చూడలేదు. దీపం ఆరున్నరకి.

ఏప్రిల్ 5

ఒక మొక్క దగ్గర మట్టి కొంచెం పైకి లేచింది. పురుగో, చిగురో, ఏమో. వేలు పెట్టి కదిపి చూడాలని ఎంత అనిపించిందంటే, లోపలికి వచ్చి గిన్నెలన్నీ మళ్ళీ తోమాను.

ఏప్రిల్ 12

అక్షరం కుదరడం లేదు. అయినా రాస్తాను.

ఆదివారం. పొద్దున ఎనిమిదింటికి నీళ్ళు పొయ్యడానికి వెళ్ళాను. చివరి వరసలో ఒక మొక్క లేదు. గుంట ఉంది. పక్కన కాడలతో సహా ఆకులు కుప్పగా పడి ఉన్నాయి, దుంప మాత్రం లేదు. వాళ్ళ కిటికీలోంచి వాసన వస్తోంది. టీ వాసన, అందులో అల్లం.

ఎలా పరిగెత్తానో తెలియదు. చెప్పులు కూడా లేవు. నా మొక్కల మీద నుంచే తొక్కుకుంటూ వెళ్ళాను. పిల్ల మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది, జలుబు చేసి ముక్కు ఎర్రబడింది. కప్పు మూతి దగ్గర ఉంది. నేను కొట్టాను. కప్పు మిషనుకి తగిలి పగిలింది. టీ అంతా కుట్టడానికి పెట్టిన తెల్ల గౌను మీద పడింది.

అందరూ నన్నే చూస్తున్నారు.

"ఇప్పుడు టీలో కూడా తప్పు పట్టావా?" అంది పిల్ల. డెబ్బైనాలుగు రోజుల తర్వాత నాతో మొదటి మాట.

"అల్లం కాదు, అల్లం కాదు," అంటున్నాను. అదొక్కటే వస్తోంది.

అత్తయ్య స్టూలు మీద ఖాళీ కప్పుతో కూర్చున్నారు. "అల్లం కాకపోవడమేంటే? నువ్వే బోర్డు రాసి పెట్టావుగా. నువ్వు రాస్తే తప్పుండదు కదా!"

ఒత్తులు, దీర్ఘాలు అన్నీ సరిగ్గా ఉన్న బోర్డు. తినకూడదన్న ముక్క రాయాలని నాకు తట్టనే లేదు.

"నువ్వు తాగావా?" అని పిల్లని అడిగాను.

"ఇంకా లేదు. వేడిగా ఉందని ఊదుతున్నా."

అత్తయ్య మాత్రం తాగేశారు. కారు పిలిపించి నలుగురం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. దారంతా అత్తయ్య, "నాకేం కాలేదు, టీ బాగానే ఉంది, కొంచెం మిరియం వాసన," అంటూనే ఉన్నారు. ఎంత వేశారని డాక్టరమ్మ అడిగితే బొటనవేలి కణుపు చూపించారు. ఒక్కసారికి అంత కంగారు పడక్కర్లేదని, కానీ ఇలాంటివి కిడ్నీలకి మంచివి కావని, మళ్ళీ ముట్టుకోవద్దని చెప్పింది. రక్తపరీక్ష చేసి సాయంత్రం దాకా ఉంచుకుంటామంది. తోడికోడలు లోపల అత్తయ్యతో ఉంది. బయట బెంచీ మీద పిల్లా నేనూ మిగిలాం.

దాని పక్కన కూర్చుని ఎన్నాళ్ళైందో. చాలాసేపు అది గోడ మీది గడియారం చూసింది, నేను నా కాళ్ళకున్న మట్టి చూశాను.

"రోజూ మొక్కలు పీకి చూసేదానివి కదా," అంది ఉన్నట్టుండి.

"ఇప్పుడు చూడట్లేదు."

"తెలుసు. మానేసి మూడు వారాలైంది."

"నీకెలా తెలుసు?"

"నా మంచం కిటికీ పక్కనే."

ఈ రెండున్నర నెలలూ నేను కిటికీని చూస్తున్నాననుకున్నాను.

"చూడకుండా ఎలా ఉంటున్నావ్?" అని అడిగింది.

"చచ్చిపోతున్నాను," అన్నాను.

అది నవ్వింది. గట్టిగా ఏం కాదు, ముక్కు కారుతూ, చేతిరుమాలు అడ్డం పెట్టుకుని. నాకు ప్రాణం లేచివచ్చింది. వెంటనే ఆశ పుట్టింది, "ఆ నోటుబుక్కు సంగతి..." అని మొదలుపెట్టాను.

"అమ్మా, ఇక్కడొద్దు," అంది. మళ్ళీ గడియారం చూసింది.

ఏప్రిల్ 13

అత్తయ్య రిపోర్టు బాగుంది. బోర్డు పీకేశాను.

ఏప్రిల్ 14

నోటుబుక్కు ఆ రోజు సొరుగులో కూడా లేదు. అలమారలో, బట్టల కింద, పాత స్వెటరులో చుట్టి ఉంది. దాచిందని తెలిసే విప్పాను. ఆ ఒక్కరోజే కాదు. అంతకుముందు మూడు రోజులు కూడా అది షాపుకి వెళ్ళగానే విప్పి చదివాను, మళ్ళీ చుట్టి పెట్టాను. నాలుగో రోజు చేతిలో పెన్ను ఉంది. పెన్ను లేకపోతే ఇప్పటికీ చదువుతూనే ఉండేదాన్ని.

అది నాకేమీ చెప్పడం లేదు, అందుకని చదివాను. అది నాకెందుకు చెప్పదు అంటే, రాయడానికి ఇంకా చాలా పేజీలు ఉన్నాయి, కానీ రాయను. ఇది దానికి చెప్పాలి. గణితం పుస్తకానికి చెబితే ఏం లాభం?

ఏప్రిల్ 19

చెప్పేశాను. టీ మరక పోయేదాకా నానబెట్టి ఉతికిన గౌను తిరిగి ఇచ్చే వంకతో వెళ్ళాను. తోడికోడలు మిషను తొక్కుతోంది. పిల్ల మంచం మీద కూర్చుని గుండీలు కుడుతోంది.

"నాలుగు రోజులు చదివాను. ఒక్కరోజు కాదు. నువ్వు దాచిన చోట వెతికి తీసి చదివాను," అన్నాను. నిలబడే అన్నాను, కూర్చుంటే అనలేననిపించింది.

మిషను ఆగిపోయింది.

"నాకు మొదటి రోజే తెలుసమ్మా," అంది పిల్ల, గుండీ మీంచి తల ఎత్తకుండా. "స్వెటరు నేను మూడు మడతలు పెడతాను. నువ్వు నాలుగు పెట్టావ్, అంచులు కలిపి."

"తెలిసి ఎందుకు ఊరుకున్నావే?"

"నువ్వే చెబుతావనుకున్నా. రోజూ సాయంత్రం వంటింట్లో కూర్చునేదాన్ని కదా, ఇవాళ చెబుతుందేమో, ఇవాళ చెబుతుందేమోనని. అందుకే పుస్తకం అక్కడ్నించి తియ్యలేదు. నువ్వేమో ఉద్యోగం పర్మనెంటు సంగతి అడిగేదానివి. నాలుగో రోజు చూస్తే, దిద్దావ్."

నిజమే, ఆ సాయంత్రాలు అది వంటింట్లో కూర్చునేది. ఊరికే కూర్చుందేమిటా అని ఉల్లిపాయలు తరగమని ఇచ్చాను.

"తప్పు చేశాను," అన్నాను. నోట్లోంచి ఈ మాట ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందో లేదో గుర్తులేదు. ఇతరుల తప్పులంటేనే అలవాటు. ఏడుపు వచ్చేసింది. తోడికోడలు లేచి కుర్చీ నా వెనక్కి జరిపింది. పిల్ల దగ్గరికి రాలేదు. కానీ చేతిలో గుండీ కుట్టడం ఆపింది.

మే 3

అత్తయ్యతో పాటు అది కూడా సాయంత్రం మా వెనక మెట్టు మీద కూర్చుంటోంది. పది నిమిషాలు, ఒక్కోరోజు పావుగంట. షాపుకి వచ్చిన ఒకాయన తన కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని కళ్ళజోడు పోయిందని కొత్తది అడిగాడట. దాని గురించి నవ్వుకున్నాం. నేను ఒక్క ప్రశ్న వెయ్యలేదు. మనసులో పదిహేను వేశాను.

మే 9

తోడికోడలి చేతిలోంచి పిన్నుల డబ్బా పెరట్లో పడింది. నేల మీద మోకాళ్ళ మీద వెతుకుతూ, "అక్కా, ఇలా రా, దీనికి పువ్వుంది!" అని కేక వేసింది. వెళ్ళి తల నేలకి ఆనించి చూశాను. రెండాకుల కింద, మట్టిని అంటుకుని, గోధుమరంగులో చిన్న గిన్నెలాంటి పువ్వు. ఎన్నాళ్ళ నుంచి ఉందో. వాటిని పీకి వేళ్ళు చూశాను, నిలబడి ఆకులు లెక్కపెట్టాను. వంగి కింద మాత్రం చూడలేదు.

"ఆ రోజు అన్న మాటకి..." అంది తోడికోడలు.

"నిజమే అన్నావులే. పిన్నులు ఏరు," అన్నాను.

మే 16

టీ రోజు నేను పరిగెత్తుతూ తొక్కిన నాలుగు మొక్కల్లో మూడు లేచాయి. ఒకటి పక్కకి పాకి కొత్త ఆకు వేసింది, స్కేలు పెట్టి నాటిన వరస తప్పి.

మే 24, పొద్దున

మూడు రోజులుగా ఒకటే ఆలోచన. దానిది నేను చదివాను. నాది అది చదవాలి. చదివితే చెల్లుకు చెల్లు అవుతుంది. నేను ఎంత కంగాళీ మనిషినో, ఏమేం అబద్ధాలు రాసుకున్నానో, టేబులు, సొరుగు, అలమార, అన్నీ చూడనీ. ఇవాళ ఆదివారం, నాలుగింటికి వస్తానంది. ఈ పుస్తకం మెట్టు మీద తెరిచి పెడతాను. జనవరి 28 సంగతి రాసిన పేజీ దగ్గర. పక్కనే పెన్ను కూడా పెడతాను. దిద్దాలనిపిస్తే దిద్దనీ.

మే 24, సాయంత్రం

పెట్టి, లోపలికి వచ్చి, వంటింటి కిటికీ పక్కన నిలబడ్డాను. చాటుగానే నిలబడ్డాను, ఒప్పుకుంటున్నాను.

నాలుగూ పదికి వచ్చింది. మొక్కల మధ్య అడుగు చూసి వేసుకుంటూ వచ్చి మెట్టు మీద కూర్చుంది. గాలికి పేజీలు టపటప కొట్టుకుంటున్నాయి. వంగి చూసింది. ఒక్క క్షణం. నా చేతిరాత గుర్తుపట్టినట్టుంది. వెంటనే అట్ట మూసేసి, మళ్ళీ తెరుచుకోకుండా మీద చెయ్యి పెట్టుకుని చెట్టు వైపు చూస్తూ కూర్చుంది. ఐదు నిమిషాలు అలాగే ఉంది. ఐదు నిమిషాల్లో ఎన్ని పేజీలు చదవచ్చో నాకు బాగా తెలుసు.

ఇంక ఆగలేక బయటికి వచ్చాను.

"పుస్తకం గాలికి ఎగిరిపోతోందమ్మా," అంది, అందిస్తూ.

"చదువు. నీ కోసమే పెట్టాను."

"నా కోసం రాశావా?"

అవునని అబద్ధం చెప్పాలనిపించింది. "లేదు. నాకోసమే రాసుకున్నా."

"మరింక నేనెందుకు చదవడం?"

పుస్తకం తీసుకున్నాను.

"ఆకలేస్తోంది. ఏమైనా ఉందా?" అంది.

రొట్టె కాల్చి, రెండు గుడ్లు వేసి ఇచ్చాను. వంటింట్లో గట్టు మీద కూర్చునే తింది, చిన్నప్పటిలా కాళ్ళు ఊపుతూ. ఇంటికి ఎప్పుడొస్తావని అడగలేదు. తిని, పళ్ళెం కడిగి, "ఇంకొన్నాళ్ళు పిన్ని దగ్గరే ఉంటానమ్మా. రేపు వస్తా," అని వెళ్ళింది. సరేనన్నాను.

నా పేజీలు తెరిచి చేతికందేంత దగ్గర్లో ఉన్నాయి. చుట్టుపక్కల ఎవరూ లేరు. అది మూసేసింది.

నేనైతే చదివేదాన్ని.